తీర్థన్ ట్రౌట్‌కు వాడే తేలే లైన్: మూడు సీజన్ల తర్వాత ఆ కొస లూప్ సంగతి

హిమాచల్‌లోని తీర్థన్ నదిలో ట్రౌట్ చేపలకు ఫ్లై ఫిషింగ్‌లో (ఈగలాంటి ఎర విసిరి పట్టే వేటలో) వాడే ఐదో నంబరు తేలే లైన్ ఇది. పొడవు, బరువు డబ్బా మీదే ఉంటాయి. నా గొడవంతా కొసన ఫ్యాక్టరీలో అతికించి ఇచ్చిన లూప్‌తోనే.

మొదట్లో దాన్నే తెగ మెచ్చుకున్నాను. ముడి వేసే పని లేదు, చలికి వేళ్లు కొంకర్లు పోయినా లీడర్ (లైన్‌కీ ఎరకీ మధ్య కట్టే సన్నటి నైలాన్ దారం) అర నిమిషంలో మారిపోతుంది. మూడో సీజన్‌లో లూప్ అతుకు దగ్గర, గోరుతో తడిమితేగానీ తెలియనంత సన్నగా పైపూత చిట్లింది. లోపలున్నది అల్లిన నైలాన్ దారం, ఒత్తిలా నీళ్లు పీల్చేస్తుంది. అప్పట్నుంచి కొస వైపు మూడు నాలుగడుగుల లైన్ మునుగుతోంది. నింఫ్ (నీళ్లలో మునిగే ఎర) వేసే ఏప్రిల్‌లో అది పట్టింపుకే రాలేదు. నీళ్లు తేటపడి 14, 16 సైజు డ్రై ఫ్లైలు (నీటి మీద తేలే చిన్న ఈగలు) వేసే అక్టోబరులో మాత్రం మునిగిన కొస ఈగను పక్కకు లాగేస్తుంది, చేప దాని మొహం కూడా చూడదు.

తప్పంతా లైన్‌దే అనను. లైన్ లూపూ, లీడర్ లూపూ రెండూ నాలుగు పలకల ముడిలా (స్క్వేర్ నాట్‌లా) చదునుగా కూర్చోవాలి. ఒకటి మడతపడి రెండోదాని మెడకు ఉరిలా బిగిస్తే, సన్నటి నైలాన్ పూతను కోసేస్తుంది. డీట్ అనే రసాయనం ఉన్న దోమల క్రీము రాసిన చేత్తో పట్టుకున్నా పూత పాడవుతుంది. అనుమానముంటే బకెట్ నీళ్లలో కొస వదిలి పది నిమిషాలు చూడండి, తెలిసిపోతుంది.

బాగుచేయడం తేలికే. చిట్లిన చోటికి కాస్త పైన కోసి, రెండు రోజులు నీడన ఆరనివ్వాలి. లీడర్ కట్టుకోవడానికి 0.45 మి.మీ. నైలాన్ ఒక జానెడు తీసుకుని, అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్‌ను మూడు సెంటీమీటర్లు కోసి లైన్ పక్కన పెట్టుకోవాలి. లైన్‌నీ, గొట్టాన్నీ కలిపి నైలాన్‌తో ఆరు చుట్లు పక్కపక్కనే చుట్టి, ఆ నైలాన్ కొసను గొట్టంలోంచి దూర్చి, గొట్టం లాగేసి, ఉమ్మితో తడిపి బిగించాలి. చుట్టు మీద చుట్టు ఎక్కితే విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. పైన సాగే జిగురు ఒక పూత వేస్తే నీళ్లు దూరవు. లూప్ కన్నా ఇదే గాలపు కర్ర రింగుల్లోంచి సాఫీగా జారుతోంది, ఇది మాత్రం అనుకోనిది!

చలి నీళ్ల లైన్ కనుక పూత మెత్తన. మే నెలలో ఇక్కడి ఎండకు గ్రౌండ్‌లో విసిరితే అరటినారలా వాలిపోయి రింగులకు అంటుకుంటుంది. అది చూసి లైన్ చెడిందనుకోకండి. సాధనకు పాతదేదైనా చాలు. కారు డిక్కీలో, అటక మీద మాత్రం పెట్టొద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తీర్థన్‌లో ట్రౌట్ వేట బంద్ కాబట్టి, ఆ నాలుగు నెలలూ రీల్ మీంచి తీసి పెద్ద చుట్టలుగా బీరువాలో పెడుతున్నాను.

మళ్లీ కొంటానా? ఏడాదికి రెండు ట్రిప్పులు, ఎక్కువగా నింఫ్‌లు వేసే నాకు ఇంకో సీజన్ లాగేట్టే ఉంది. డ్రై ఫ్లైల కోసమే వెళ్లేవాళ్లు కొన్న రోజే ఆ లూప్ కోసేసినా నష్టం లేదు.