మా హాల్లో గ్యాస్ ఇన్సర్ట్: ఆరు చలికాలాల తర్వాత

2019 జనవరి 30 రాత్రి మిషిగన్‌లో ఫోన్లన్నీ ఒక్కసారిగా గీపెట్టాయి. బయట మైనస్ పది ఫారన్‌హీట్ దాకా దిగిన చలి. మాకాంబ్ కౌంటీలో గ్యాస్ కంప్రెసర్ కేంద్రం అంటుకుందట. ఇళ్ళని వేడి చేసే గ్యాస్ చాలట్లేదు, ఇంటి వేడిని సర్దే థర్మోస్టాట్ 65కో ఇంకా కిందికో తగ్గించమని మెసేజ్. మేం నోవైలో ఇల్లు కొని అప్పటికి ఆరు నెలలే. 1976లో కట్టిన ఇల్లు, హాల్లో గోడంతా ఇటుక, మధ్యలో ఫైర్‌ప్లేస్. ఇది ఇవాళ కాకపోతే ఎప్పుడు పనికొస్తుందని మా ఆయన నాలుగు కట్టెలు పేర్చి వెలిగించారు. గంటయ్యేసరికి మంటకెదురుగా కూర్చున్నవాళ్ళ మొహాలు మాడుతున్నాయి, వీపులు వణుకుతున్నాయి. మేడమీద గదులు అంతకుముందుకన్నా చల్లబడ్డాయి. నరసరావుపేట నుంచి వచ్చి ఉన్న మా అమ్మ శాలువా బిగించుకుంటూ, "పొయ్యి వెలిగిస్తే ఇల్లు చల్లబడ్డం నేనెక్కడా చూళ్ళేదే తల్లీ" అంది.

తప్పు కట్టెలది కాదు. తలుపుల్లేని ఫైర్‌ప్లేస్ మండుతున్నప్పుడు నిమిషానికి 300 ఘనపుటడుగుల దాకా గదిలో గాలిని లాగి చిమ్నీలోంచి బయటికి పంపేస్తుంది. అదంతా ఇల్లంతటినీ వేడి చేసే ఫర్నేస్‌తో డబ్బు పోసి వేడి చేయించుకున్న గాలి. ఆ ఖాళీని పూడ్చడానికి కిటికీ సందుల్లోంచి, తలుపుల కిందనుంచి చల్లగాలి వస్తుంది. మంట లేనప్పుడూ సుఖం లేదు. చిమ్నీకి మూతలా ఉండే ఇనప డ్యాంపర్ నలభై ఏళ్ళ వేడికి వంకరపోయింది. అమ్మ పూజయ్యాక అగరుబత్తి తీసుకెళ్ళి దాని కింద పెట్టి చూశాను. పొగ తాడు కట్టి లాగినట్టు పైకి పోయింది. వంటింట్లో ఎండుమిర్చి పోపు వేసి హుడ్ ఫ్యాన్ పెట్టినప్పుడు మళ్ళీ చూశాను. ఈసారి పొగ వెనక్కి తిరిగి హాల్లోకొచ్చింది. వంట చేసినప్పుడల్లా ఇంట్లో తడిసిన బూడిద వాసన ఎందుకొస్తోందో అప్పుడు తెలిసింది: హుడ్ బయటికి తోసిన గాలికి బదులు గాలి చిమ్నీలోంచి దిగుతోంది. మన వంటలు చేసుకునేవాళ్ళు ఈ అగరుబత్తి పరీక్ష తప్పకుండా చేసుకోండి, పైసా ఖర్చు లేదు.

మొదట చిల్లర వైద్యాలు చేశాం. చిమ్నీలో దూర్చే గాలి బెలూన్ ఒక నెల పనిచేసి దిగజారింది. గాజు తలుపులు పెట్టిస్తే చలి కాస్త తగ్గింది, అంతే.

ఆ వేసవంతా షాపులు తిరిగాం. ఇన్సర్ట్ అంటే పాత ఫైర్‌ప్లేస్ గూట్లో దూర్చి బిగించే, వేడినిచ్చే పెట్టె. ఎలక్ట్రిక్ ఇన్సర్ట్ చవక, పెట్టుకోవడమూ తేలిక. కానీ ఎంత అందంగా మెరిసినా మామూలు ప్లగ్గుకి పెట్టేది 1,500 వాట్లే, అంటే వేడి లెక్కలో గంటకి దాదాపు 5,100 బీటీయూలు. గదిలో పెట్టుకునే చిన్న హీటర్ ఇచ్చే వేడే అది. రంపపు పొట్టు గుళికలు మండించే పెల్లెట్ పొయ్యికి 40 పౌండ్ల బస్తాలు మొయ్యాలి, పైగా కరెంటు లేకపోతే ఆగిపోతుంది. కట్టెల ఇన్సర్ట్ మీద మా ఆయనకి మనసుంది, నిజానికి వేడిలో దానికి తిరుగులేదు. కానీ కట్టె తేమ 20 శాతం లోపుకి ఆరాలంటే ముందే కొని నెలల తరబడి పేర్చి ఉంచాలి. ఇద్దరం ఉద్యోగాలకి పోయేవాళ్ళం. బూడిద ఎత్తేదెవరన్న ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేకపోయింది.

ఒక షాపాయన గ్యాస్ లాగ్స్ సెట్ అంటగట్టబోయాడు. కట్టెల్లా ఉండే సిరామిక్ దుంగలు, కింద గ్యాస్ మంట. ధర చూసి నేను సగం ఒప్పుకున్నాను కూడా. అయితే దానికి డ్యాంపర్ ఎప్పటికీ మూతపడకుండా క్లిప్పు బిగించాలని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. చిల్లు పూడ్చుకోవడానికి పోయి చిల్లుకి తాళం వేయించుకుని రావడమన్నమాట. చలి బాధకి మార్చుకునేవాళ్ళు దీని జోలికి పోకండి.

చివరికి 2019 అక్టోబరులో డైరెక్ట్ వెంట్ గ్యాస్ ఇన్సర్ట్ పెట్టించాం. ముందు గాజు సీల్ చేసి ఉంటుంది. పాత చిమ్నీలోంచి మూడేసి అంగుళాల అల్యూమినియం గొట్టాలు రెండు దింపుతారు. ఒకదాంట్లో బయటి గాలి మంటకి వస్తుంది, రెండోదాంట్లో పొగ పోతుంది. గదిలో గాలితో దానికి పనే లేదు. గ్యాస్ లైనుతో కలిపి మాకు 5,200 డాలర్లయింది.

మొదటి చలికాలం పూర్తిగా మెచ్చుకోలేను. ఇన్సర్ట్ చుట్టూ ఉన్న ఇనప చట్రం అంచుల్లోంచి చలి కొడుతూనే ఉంది. మళ్ళీ అగరుబత్తి. గొట్టాల చుట్టూ డ్యాంపర్ దగ్గర రేకు వేసి, మంట అంటుకోని దూదిలాంటి మినరల్ ఊల్ కుక్కాలి, బిగించినవాళ్ళు ఆ పని ఎగ్గొట్టారు. మూడుసార్లు ఫోన్ చేస్తే వచ్చి చేశారు. మీరు పెట్టించేటప్పుడు చట్రం మూయకముందే ఆ చోటు చూపించమనండి.

రెండో తలనొప్పి ఎవరూ ముందు చెప్పలేదు. ఇంటి థర్మోస్టాట్ ఉన్నది హాల్లోనే. ఇన్సర్ట్ హాలుని 72కి తెచ్చేసరికి, ఇల్లంతా వెచ్చగానే ఉందనుకుని ఫర్నేస్ పడుకుంటుంది. పిల్లల గది 59. పాప ముక్కు కారుతుంటే జలుబనుకున్నాం. మేడమీద సెన్సార్ పెట్టుకునే థర్మోస్టాట్ కొన్నాకే అది సర్దుకుంది. ఇంకో పొరపాటు మాదే: 35,000 బీటీయూల మోడల్ కొన్నాం. హాలుకి అంత అక్కర్లేదు. సన్న మంట మీద పెట్టినా ఒక్కోసారి కిటికీ తియ్యాల్సి వస్తుంది. 25,000ది చాలేది.

ఇప్పుడు 2023 ఫిబ్రవరి 22 సంగతి. గడ్డకట్టే వాన పడి కొమ్మలు విరిగి తీగలు తెగి మాకు నాలుగు రోజులు కరెంటు లేదు. మా ఇన్సర్ట్ ఎప్పుడూ చిన్న పైలట్ మంట వెలుగుతూ ఉండే పాత రకం. ఆ మంట వేడికి పుట్టే కొద్ది మిల్లీవోల్టులే గ్యాస్ వాల్వు తెరవడానికి చాలు, గోడలో కరెంటు అక్కర్లేదు. వేడిని గదిలోకి తోసే బ్లోయర్ ఫ్యాన్ తిరగలేదు గానీ గాజులోంచి వచ్చే వేడికే హాలు 64 దగ్గర నిలబడింది. మేడమీద 47. పరుపులు కిందికి లాక్కొచ్చి, పక్క వీధి తెలుగు కుటుంబాన్నీ పిలిచి ఎనిమిదిమందిమి అక్కడే పడుకున్నాం. స్టౌ అగ్గిపుల్లతో వెలిగించి చారూ అన్నమూ వండాం. ఆ నాలుగు రోజులకే 5,200 చెల్లిపోయాయని మా ఆయన లెక్క. నా లెక్కలో ఇంకా కొంత బాకీ ఉంది.

గాజు విపరీతంగా కాలుతుంది. 2015 నుంచి వీటికి ముందు జాలీ తప్పనిసరి చేశారు. అందం కోసం దాన్ని తీసెయ్యకండి. గాజు మీద తెల్లటి పొర కడుతుంది, సీజన్లో రెండుసార్లు దానికోసమే అమ్మే క్లీనర్‌తో, పూర్తిగా చల్లారాక తుడవాలి. పైలట్‌ని మేలో ఆపేసి అక్టోబరులో వెలిగిస్తాను, లేకపోతే వేసవంతా ఊరికే గ్యాస్ తాగుతుంది. బ్లోయర్ రెండో స్పీడులో టీవీ డైలాగులు మింగేస్తుంది. పోపు పెడితే ఇప్పుడు పోపు వాసనే వస్తోంది.

పోయిందల్లా కట్టె మంట. కొత్తింట్లో మొదటి భోగికి అమ్మ ఆ ఫైర్‌ప్లేస్‌లోనే ఒక విరిగిన కుర్చీ కాలూ, నాలుగు పుల్లలూ వేసి దణ్ణం పెట్టుకుంది. ఇన్సర్ట్ వచ్చాక వీడియో కాల్లో చూపిస్తే, "గాజు పెట్టెలో భోగి మంటేంటే, అందులో ఏం వేస్తావు?" అంది. అందుకని ఇప్పుడు భోగి తెల్లవారుజామున వెనకపెరట్లో మంచు పార పట్టి తీసి ఇనప ఫైర్‌పిట్ వెలిగిస్తాం. పావుగంట, అంతకన్నా ఎవరూ నిలబడలేరు. తర్వాత లోపలికొచ్చి రిమోట్ నొక్కుతాం.