కొత్త డ్రెడ్స్‌కి ఏది మేలు: సబ్బు బిళ్ళా, కుంకుడు రసమా, శాంపూనా?

చెన్నై టి.నగర్‌లో తిరుమల దేవస్థానం వారి గుడి బయట ఒక పెద్దావిడ నా తల చూసి, "ఏ దేవుడికి మొక్కుకున్నావు నాయనా?" అని అడిగింది. నా ఈడువాళ్ళు అడిగేది వేరు: "తలకి ఏం వాడుతున్నావు బ్రో?" ఈ రెండో ప్రశ్న ఈమధ్య వారానికి నలుగురైనా అడుగుతున్నారు. డ్రెడ్స్ అంటే జుట్టుని పాయలు పాయలుగా జడలు కట్టించుకోవడం. సెప్టెంబరులో కట్టించుకున్నాను, ఇప్పటికి ఐదు నెలలు. మూడూ వాడి చూశాను కాబట్టి చెప్పగలను.

తలకి పోసుకోకపోతేనే జుట్టు బాగా జడలు కడుతుందన్న మాట మాత్రం నమ్మకండి. జిడ్డు జుట్టు జారిపోతుంది. శుభ్రంగా, పొడిగా ఉన్న వెంట్రుకలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మొదటి వారం పది రోజులు ఆగి, ఆ తర్వాత వారానికోసారి పోసుకుంటే చాలు.

డ్రెడ్స్ కోసమని ప్రత్యేకంగా అమ్మే సబ్బు బిళ్ళతోనే నేనూ మొదలుపెట్టాను. బిళ్ళ మంచిదే, మా నీళ్ళతోనే చిక్కంతా. మేముండే మడిపాక్కంలో స్నానానికి బోరు నీళ్ళు. ఆ నీళ్ళలో కందిపప్పు ఉడకదు, ఇక సబ్బేం నురుగొస్తుంది? నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారతాయి. బకెట్ అంచున పేరుకునేది అదే. మామూలు జుట్టయితే దువ్వెన తిప్పితే ఎంతో కొంత రాలిపోతుంది. పాయ లోపల చేరితే అక్కడే కాపురం. మూడో వారంలో చెవి వెనక పాయను పిండితే పాలు కలిపినట్టు నీళ్ళు వచ్చాయి. బెంగళూరులో కావేరి నీళ్ళు వచ్చే ఇంట్లో ఉంటున్న మా స్నేహితుడు మాత్రం అలాంటి బిళ్ళతోనే హాయిగా ఉన్నాడు.

కుంకుడు రసం అంటే నాకు పక్షపాతం ఉంది. అమ్మ ఒంగోలు నుంచి కొట్టిన కుంకుళ్ళు పంపిస్తుంది. చిన్నప్పుడు కళ్ళు మండితే బుగ్గన ఉప్పు పెట్టుకుని కూర్చున్న రోజులు గుర్తొస్తాయి. పైగా ఇది సబ్బులాగా బోరు నీళ్ళతో తెట్టు కట్టదు, జిడ్డూ బాగా వదిలిస్తుంది. కానీ పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడకట్టినా సన్నటి పిప్పి మిగులుతుంది. కొత్త పాయలు ఇంకా వదులుగానే ఉంటాయి కదా, అది దూరిందంటే బయటికి రాదు. పైగా ఎప్పటికప్పుడు నానబెట్టి పిసుక్కోవాలి. ఇంకో ఏడాదికి పాయలు గట్టిపడ్డాక మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. శీకాయ పొడి జోలికి మాత్రం అసలు వెళ్ళొద్దు.

ఇక శాంపూ. చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ ఉండదు, అయినా నేను దీని దగ్గరే ఆగాను. కండిషనర్ కలిసినది వద్దు, జుట్టుని నున్నగా చేసి ముడిని వదులు చేస్తుంది. సీసాలోంచి వెలుతురు కనిపించే రకం చూసుకుని, రెండు చెంచాలు మగ్గు నీళ్ళలో కలిపి మాడుకి మాత్రమే పోయండి. వేలి కొసలతో రుద్దితే చాలు. పాయల్ని పిసకొద్దు, కిందికి జారే నురుగే వాటికి సరిపోతుంది. రుద్దినంతసేపటికి రెండింతలు కడగండి. ఆఖరి మగ్గు నేను తాగే క్యాన్ నీళ్ళు పోస్తాను. మా ఇంటివాళ్ళకి తెలిస్తే తిడతారు.

నన్నడిగితే ఏది వాడినా పరీక్ష ఒక్కటే: సాయంత్రానికి తల ఆరిందా, లేదా? లోపల తెట్టో పిప్పో ఉంటే అది తడిని పట్టుకుని కూర్చుంటుంది. నవంబరు ముసురులో ఒక ఆదివారం రాత్రి సబ్బుతో తలకి పోసుకుని, పైపైన తుడుచుకుని పడుకున్నాను. మంగళవారానికి మా రూమ్‌లో ఉండే విజయవాడ తమ్ముడు, "అన్నా, తడిసిన గోనెసంచి ఏదైనా లోపల పెట్టావా?" అన్నాడు. గోనెసంచి నా తలే. ఆ ముక్క వాసన పోయేలోపు నాకు పట్టుకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు.

అప్పటి నుంచి పొద్దున తొమ్మిదిలోపే స్నానం. ఒక్కో పాయను మొదలు నుంచి కొసదాకా తువ్వాలులో పెట్టి పిండి, ఫ్యాన్ కింద కూర్చుంటాను. పూర్తిగా ఆరేదాకా ముడి వేయను. ముసురు పట్టిన రోజుల్లో తడిగుడ్డతో మాడు తుడుచుకోవడమే. ఇంకా కట్టించుకోనివాళ్ళు ఈశాన్య రుతుపవనాలు వెళ్ళాక, జనవరి ఫిబ్రవరిలో మొదలుపెట్టండి. నేను సరిగ్గా వానల ముందు కట్టించుకున్నాను.

వంటసోడా ఒకసారి వాడితే మాడు ఎండి పొట్టు రేగింది. డ్రై శాంపూ పొడి లోపలికి వెళ్తుంది, తిరిగి రాదు. మైనం రాసుకోమంటారు కొందరు. తేనెమైనం కరిగి వదలాలంటే అరవై డిగ్రీలు దాటాలి, అంత వేడి నీళ్ళు తల మీద పోసుకుంటారా?

మీరు వాడేది సరిపడుతోందో లేదో చూడాలంటే ఈ ఆదివారం ఒక పాయ కొసను గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు ముంచి పిండండి. నీళ్ళు తెల్లబడితే సబ్బు. అడుగున గోధుమరంగు నలుసులు చేరితే కుంకుడు.