నాలుగు కాలేయ స్లైడ్ల సెట్టు: ఒక సమీక్ష

ఆరోగ్యకరమైన కాలేయం, కొవ్వు పట్టిన కాలేయం, దీర్ఘకాలిక హెపటైటిస్ (కాలేయపు వాపు), సిర్రోసిస్ (మచ్చలు పడి గట్టిపడిన కాలేయం) అనే నాలుగు స్లైడ్లున్న ఈ సెట్టును హిస్టాలజీ, అంటే కణజాల శాస్త్రం, నేర్చుకునేవారికి చూపించడానికి నెల రోజులుగా వాడుతున్నాను. మొదటి మూడింటికి హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే మామూలు రంగులు వేశారు. సిర్రోసిస్ స్లైడుకు కొలాజెన్ అనే పీచు ప్రొటీన్‌ను నీలంగా చూపే మేసన్ ట్రైక్రోమ్ రంగు వాడారు.

అన్నింటిలోకీ కొవ్వు కాలేయం స్లైడు శ్రేష్ఠమైనది. సూక్ష్మదర్శినిలోని 10 రెట్ల ఆబ్జెక్టివ్‌ (కటకం)తోనే గుండ్రని తెల్లని ఖాళీలు స్పష్టంగా కనిపిస్తాయి; 40కి మార్చితే ఒక్కొక్క ఖాళీ తన కణపు కేంద్రకాన్ని ఒక పక్కకు నెట్టివేసిన తీరు తెలుస్తుంది. ఆ ఖాళీల్లో ఒకప్పుడు కొవ్వే ఉండేదని, కణజాలాన్ని పారఫిన్‌లో పొదగడానికి ముందు వాడే ఆల్కహాల్, జైలీన్ దానిని కరిగించివేశాయని వెంట ఇచ్చిన కరపత్రం చెప్పి ఉండవలసింది, ఎందుకంటే కొత్తవారు అడిగే మొదటి ప్రశ్న అదే.

హెపటైటిస్ స్లైడు నిరాశపరిచింది. పోర్టల్ ప్రాంతాల (రక్తనాళాలు, పిత్తనాళం కలిసి ఉండే చోట్ల) చుట్టూ లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు గుమిగూడినట్టు తెలుస్తున్నా, కోత మందంగా ఉండడం వల్ల కణాలు ఒకదానిపై ఒకటి పడి, ఎక్కువ రెట్లలో మసకబారుతున్నాయి. ఇటువంటి కోతలు 4, 5 మైక్రాన్లకు మించకూడదు.

అసలు చిక్కు ఆరోగ్యకరమైన కాలేయం స్లైడుతో వచ్చింది. దాని లేబుల్ మీద ‘కాలేయం’ అని మాత్రమే ఉంది. ప్రతి లోబ్యూల్ (కాలేయంలోని చిన్న విభాగం) చుట్టూ సంధాయక కణజాలం గట్టులా కనిపించేసరికి సందేహం కలిగి అమ్మినవారిని అడిగితే, అది పంది కాలేయమేనని ఒప్పుకున్నారు. మనిషి కాలేయంలో ఆ గట్లు అంత స్పష్టంగా ఉండవు. లోబ్యూల్ నడుమ ఉండే మధ్య సిరను, చుట్టూ ఉన్న పోర్టల్ ప్రాంతాలను గుర్తుపట్టి లోబ్యూల్ హద్దును మనమే ఊహించుకోవాలి. ఈ సంగతి తెలియని విద్యార్థి పంది కాలేయాన్ని చూసిన వెంటనే, నీలిరంగు కొలాజెన్ పట్టీల మధ్య బుడిపెలు తేలిన సిర్రోసిస్ స్లైడును చూస్తే, రెండింటిలోనూ గట్లే కదా, తేడా ఏముందని అడగడం సహజం. తేడా ఎంతో ఉంది. పంది లోబ్యూల్‌లో సిర నడుమనే ఉండి, దాని నుంచి ఒక్క కణం మందమున్న వరుసలు చక్రపు ఆకుల్లా బయలుదేరుతాయి. సిర్రోసిస్‌లో బుడిపెలు చిన్నా పెద్దా కలగలిసి, వరుసలు తరచుగా రెండు కణాల మందానికి పెరిగి, మధ్య సిర అసలే లేకుండానో పక్కకు ఒరిగో ఉంటుంది. రోగాన్ని పోల్చడానికి ఇచ్చే ప్రమాణమే వేరే జీవిది అయినప్పుడు, ఆ మాట లేబుల్ మీదే ఉండాలి.

సిర్రోసిస్ స్లైడు మాత్రం మెచ్చుకోదగినది; తెల్లకాగితం మీద పెట్టి చూస్తే కంటికే బుడిపెలు లీలగా తెలుస్తాయి.

కొవ్వు కాలేయం, సిర్రోసిస్ స్లైడ్ల కోసమైతే ఈ సెట్టు కొనవచ్చు. నేను మనిషి కాలేయపు స్లైడు ఒకటి విడిగా తెప్పించి ఇదే పెట్టెలో చేర్చాను; పాతదాని గరుకు అంచు మీద ‘పంది’ అని పెన్సిల్‌తో రాశాను.