క్రువా-రూస్ సంతలో నాలుగు శనివారాల ఫ్రెంచ్

ఫ్రాన్స్‌లోని లియోన్ వచ్చి ఏడాదిన్నరైంది. బ్యాంకులో, డాక్టర్ దగ్గర ఫ్రెంచ్‌లోనే నెట్టుకొస్తాను గానీ హోటల్లో మెనూ తెరిస్తే మాత్రం అక్షరం ముక్క రానిదాన్నే. ‘సలాద్ లియొనేజ్’ సలాడే కదా అని ఒకసారి తెప్పించుకున్నాను. ఆకుల మధ్య వేయించిన పంది ముక్కలు, పైన గుడ్డు! మేం గుడ్డు కూడా ముట్టం. అందుకే మా క్రువా-రూస్ పేట సంఘం వాళ్లు సంతలో తిప్పుతూ తిండి మాటలు నేర్పుతున్నారని తెలియగానే చేరిపోయాను. నాలుగు శనివారాలు, పూటకి రెండు గంటలు, మొత్తం 60 యూరోలు.

చెప్పే ఆవిడ ఒకప్పుడు చీజ్ కొట్టు నడిపారట. మాట చెప్పి ఊరుకోరు, దాని లోపల ఏముందో విప్పి చూపిస్తారు. ‘సెర్వెల్ ద కన్యూ’ అంటే ‘పట్టు నేతగాడి మెదడు’. ఆ పేరు చూసే ఇన్నాళ్లూ ఆమడ దూరం జరిగాను. తీరా చూస్తే మెత్తటి తెల్ల చీజ్‌లో చిన్న ఉల్లి, తరిగిన ఆకులు, కాస్త నూనె, వెనిగర్. మన పెరుగుపచ్చడికి దూరపు చుట్టం.

‘రెబ్లోషోఁ’ అనే చీజ్ కథ ఒక్కదానికే నా డబ్బులు గిట్టాయి. పూర్వం సవ్వా కొండల్లో రైతులు పాల దిగుబడిని బట్టి శిస్తు కట్టేవారట. కొలిచేవాడు ఉన్నంతసేపూ పొదుగు పూర్తిగా పిండకుండా ఆపేసి, వాడటు వెళ్లగానే మళ్లీ పితికేవారు. అలా మళ్లీ పితకడమే ‘రెబ్లొషె’. ఆ రెండో పాలల్లో వెన్న ఎక్కువ, దాంతో చేసిందే ఈ చీజ్. చివర ‘న్’ పలక్కూడదు, ముక్కులోకి పోవాలి. ఎందుకూ కొరగాదనుకున్న అరసున్న ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది, నా నోట్సు నిండా అదే.

ఇక సణుగుడు. ఇచ్చే కాగితం మీద మగ మాటల ముందు రావాల్సిన ‘లె’, ఆడ మాటల ముందు రావాల్సిన ‘లా’ లేవు. ఆడో మగో తెలియని ఫ్రెంచ్ మాట పిడి లేని కత్తి. ‘తొమ్’ అనే చీజ్‌ని నేను మగ మాట అనుకుని ‘ఆఁ తొమ్’ అని అడిగితే అమ్మే ఆవిడ తూకం వేస్తూనే ‘యూన్ తొమ్’ అని సరిదిద్దింది. పదిమందిలో వెనక నిలబడితే ఒక్క ముక్క వినబడదు. రెండో వారమంతా సాసేజీలే. పంది పేగులు కూరిన ‘అందుయెట్’ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఏది తెప్పించుకోకూడదో తెలిసింది, అదీ లాభమే అనుకోండి.

అయిదుకి నాలుగు ఇద్దును. శాకాహారులకి మొదటి రోజే చెప్పాల్సిన మాట మూడో వారానికి చెప్పారు, అందుకే మూడున్నర. ఆ మాట ‘ప్రెజ్యూర్’. పాలు గడ్డకట్టడానికి వేసేది, దూడ కడుపులోంచి తీస్తారు. రెబ్లోషోఁలోనూ అదే. అప్పటికే అర కిలో బిళ్ల ఇంటిల్లిపాదీ లాగించేశాం. మా అత్తగారికి ఇంకా చెప్పలేదు.