గెలిచాక, ప్రమాణానికి ముందే పోతే: ఉప ఎన్నిక మేలా, ఉపనాయకుడు మేలా?

పంచాయతీ ఎన్నికల మాట లేస్తే చాలు, నన్ను ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. మొన్న కర్నూలు కొత్త బస్టాండ్ దగ్గర ఉగ్గాని తింటుంటే పక్క బల్ల మీది పెద్దాయన అడిగాడు. "సామీ, గెలిచినోడు ప్రమాణం చేయకముందే సచ్చిపోతే కుర్చీ ఎవురిది? రెండో ఆయనదేనా?"

రెండో ఆయన సంగతి ముందు తేల్చేద్దాం. ఆయనది కాదు. జనం వద్దన్నవాడికి చావు పేరు చెప్పి కుర్చీ ఇవ్వడం మన దగ్గర లేదు, ఉండకూడదు కూడా. దాని మీద ఇంకో వాక్యం దండగ.

ఇక మిగిలిన దారులు రెండు. గెలిచినవాడి వెనక ముందే ఒక ఉపనాయకుడు ఉంటే అతను ఎక్కడం ఒకటి. మళ్లీ జనం దగ్గరికి పోవడం రెండోది. మన ఎమ్మెల్యేలకు రెండోదే. చాలామంది ప్రమాణం చేస్తేనే ఎమ్మెల్యే అయినట్టు అనుకుంటారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 67ఎ సెక్షన్ ప్రకారం రిటర్నింగ్ అధికారి గెలిచారని ప్రకటించిన రోజే ఎన్నికైన రోజు. ప్రమాణం చేయకుండా సభలో కూర్చోకూడదు, ఓటేయకూడదు, అంతే. కాదని కూర్చుంటే రోజుకు 500 రూపాయల జరిమానా అని రాజ్యాంగం 193వ అధికరణంలో ఉంది. కాబట్టి ప్రమాణానికి ముందు పోయినా ఆయన ఎమ్మెల్యేగా పోయినట్టే. సీటు ఖాళీ అవుతుంది, 151ఎ సెక్షన్ ప్రకారం ఆరు నెలల్లోపు ఉప ఎన్నిక పెట్టాలి. మిగిలిన పదవీకాలం ఏడాది కూడా లేకపోతే అక్కర్లేదు.

ఖర్చు, ఆలస్యం, మళ్లీ మైకుల గోల, ఇవన్నీ లెక్క వేసేవాళ్లు వేస్తారు. నేను చూసేది ఒక్కటే. ఓటేసే రోజున, "ఈయనకేమైనా అయితే తర్వాత ఏమవుతుంది?" అన్నది ఓటరుకు తెలుసా, తెలియదా?

ఈ లెక్కకు ఆళ్లగడ్డను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 2014లో అది ఇంకా కర్నూలు జిల్లానే. ఏప్రిల్ 23 రాత్రి ప్రచారం ముగించుకుని ఇంటికి వస్తున్న భూమా శోభా నాగిరెడ్డి కారు, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల దగ్గర బోల్తా కొట్టింది. మరుసటి రోజు ఆమె చనిపోయారు. పోలింగ్ మే 7న. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి అయితే 52వ సెక్షన్ కింద పోలింగ్ వాయిదా వేసి, ఆ పార్టీకి ఇంకొకరిని నిలబెట్టే అవకాశం ఇస్తారు. ఆమె పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ అప్పటికి రిజిస్టరైన పార్టీయే గానీ గుర్తింపు రాలేదు. అందుకని పోలింగ్ ఆగలేదు, ఆమె పేరూ ఫ్యాన్ గుర్తూ మిషన్ మీద అలాగే ఉన్నాయి. ఆమెకు ఎక్కువ ఓట్లు వస్తే గెలిచినట్టు ప్రకటిస్తాం, తర్వాత ఉప ఎన్నిక పెడతాం అని ఎన్నికల సంఘం ముందే చెప్పేసింది.

అంటే ఆ రోజు బూత్‌లోకి పోయిన ప్రతి మనిషికీ తెలుసు, ఆ పేరు గల మనిషి లేదని. తెలిసీ నొక్కారు. దాదాపు 18 వేల మెజారిటీ వచ్చింది. దీన్ని ఒట్టి సానుభూతి అని కొట్టిపారేస్తారు కొందరు. నాకు అలా అనిపించదు. "ఇప్పుడున్న అవతలాయన వద్దు, ఇంకోసారి అడగండి" అని జనం చెప్పిన మాట అది. మళ్లీ అడుగుతారని తెలుసు కాబట్టే అలా చెప్పగలిగారు.

అయితే ఆ మళ్లీ అడగడం ఎట్లా జరిగింది? అదే ఏడాది ఉప ఎన్నికలో కూతురు అఖిలప్రియ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. పోయినవాళ్ల ఇంట్లోవాళ్లు నిలబడితే ఎదురు నిలబడకూడదన్న ఆనవాయితీ మనది. 2021లో బద్వేలులోనూ టీడీపీ తప్పుకుంది, పోయిన ఎమ్మెల్యే భార్య దాసరి సుధ 90 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఉప ఎన్నికకు ఇది పెద్ద లోటే, ఒప్పుకుంటాను. కానీ అది చట్టం తెచ్చిన లోటు కాదు, పార్టీలు తెచ్చుకున్నది. 2017లో నంద్యాల చూడండి. శోభ భర్త, అక్కడి ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డి పోయాక ఆ ఆనవాయితీని పక్కన పెట్టి టీడీపీ, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ వీధి వీధికీ తలపడ్డాయి. ఆయన అన్న కొడుకు బ్రహ్మానందరెడ్డి గెలిచారు, కానీ కొట్లాడి గెలిచారు.

ఇక ఉపనాయకుడి దారి. అమెరికాలో 1933లో వచ్చిన 20వ సవరణ ప్రకారం, ఎన్నికైన అధ్యక్షుడు పదవి చేపట్టే రోజుకు ముందే చనిపోతే ఉపాధ్యక్షుడుగా ఎన్నికైన మనిషే అధ్యక్షుడు. ఇద్దరి పేర్లూ ఒకే జతగా ఓటుకు వస్తాయి కాబట్టి నా లెక్క ప్రకారం దీనికి మంచి మార్కులే వేయాలి. వేస్తాను కూడా.

కానీ బ్రెజిల్ కథ తెలిశాక ఆ దారి మీద మోజు తగ్గింది. 1985 జనవరిలో, 21 ఏళ్ల సైనిక పాలన తర్వాత, టాంక్రెడో నెవెస్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఎన్నుకున్నది ఎలక్టోరల్ కాలేజీ, జనం కాదు. మార్చి 15న ప్రమాణం. ముందు రోజు రాత్రి కడుపునొప్పితో ఆసుపత్రికి తీసుకుపోయి ఆపరేషన్ చేశారు. అసలాయన ప్రమాణం చేయకుండా ఉపాధ్యక్షుడు ఎక్కవచ్చా అని పెద్ద రభస. చివరికి ఉపాధ్యక్షుడు జోసె సార్నీయే తాత్కాలికంగా ఎక్కాడు. ఏప్రిల్ 21న నెవెస్ పోయాడు. ఈ సార్నీ ఎవరు? అంతకుముందు ఏడాది దాకా సైనిక ప్రభుత్వానికి అండగా నిలిచిన పార్టీకి అధ్యక్షుడు! ఓట్లు కలిసొస్తాయని పొత్తు కోసం జతలో పెట్టుకున్న మనిషి. ఆయన 1990 మార్చి దాకా, ఐదేళ్లు పాలించాడు. సైన్యం పోవాలని కోరుకున్న దేశానికి సైన్యం మనిషే దొరికాడు.

అదే దేశంలో అంతకుముందు ఇంకో పద్ధతి ఉండేది. 1918లో గెలిచిన రోడ్రిగ్స్ ఆల్వెస్ జబ్బుతో ప్రమాణం చేయలేక 1919 జనవరిలో చనిపోయాడు. ఉపాధ్యక్షుడు కొన్ని నెలలు కుర్చీ కాపలా కాశాడు, తర్వాత మళ్లీ ఎన్నిక పెట్టారు. ఎపిటాసియో పెసోవా గెలిచాడు, అదీ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పారిస్‌లో జరిగిన శాంతి సభలో కూర్చుని. నాకు ఇదే సరిగ్గా కనిపిస్తుంది. ఉపనాయకుడు కాపలాకు సరే, ఐదేళ్ల పట్టాకు కాదు.

ముఖ్యమంత్రి విషయంలో ఈ చర్చే లేదు. శాసనసభాపక్షం ఇంకొకరిని ఎన్నుకుంటుంది, గవర్నర్ ప్రమాణం చేయిస్తారు. 2009లో వైఎస్ రాజశేఖరరెడ్డి చనిపోయిన పావురాలగుట్ట దుర్ఘటన తర్వాత రోశయ్య ప్రమాణం చేయడానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

ఉగ్గాని పెద్దాయన అడిగింది వీటి గురించి కాదు, వాళ్ల ఊరి గురించి. సర్పంచ్‌కు నేరుగా ఓటేస్తాం. ఉపసర్పంచ్‌ను మాత్రం ఫలితాలొచ్చాక వార్డు మెంబర్లు ఎన్నుకుంటారు. 2021లో ఫిబ్రవరిలో పోలింగ్ అయితే సర్పంచుల ప్రమాణం ఏప్రిల్ 3న. ఆ నెలన్నరలో ఏమైనా అయితే, ఉప ఎన్నిక పెట్టేదాకా, జనం ఓటేసిన రోజున ఎవరి మనసులోనూ లేని మనిషి చేతికి ఊరు పోతుంది. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంటుంది, ఉపసర్పంచ్‌కు ఉండదు. ఎస్సీ మహిళకు వచ్చిన కుర్చీలో ఊరి పెద్దకాపు కూర్చోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఉప ఎన్నిక పెడితే రిజర్వేషన్ అలాగే ఉంటుంది. పంచాయతీల దగ్గర నేను ఉప ఎన్నిక వైపే గట్టిగా నిలబడేది అందుకే. తేదీ మాత్రం నెలలు నెలలు సాగదీయకుండా పెట్టాలి.

ఇదంతా చెబితే పెద్దాయన చేయి కడుక్కొచ్చి, "అదంతా సరే సామీ, అంతదాకా చెక్ పవర్ ఎవురికి?" అన్నాడు.