ఛాతీకి కట్టే హార్ట్ రేట్ పట్టీ: అనంతపురంలో బీపీఈడీ (వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు) చదువుతూ వాడిన అనుభవం

ఈ పట్టీ మీద నాకున్న ఇష్టమంతా ఒక్క గీత వల్ల. యాప్‌లో హార్ట్ రేట్ పెద్ద అంకెల్లో కనిపిస్తుంది కదా, దాని కింద ఒక బీట్‌కూ తర్వాతి బీట్‌కూ మధ్య ఎంత ఎడం ఉందో మిల్లీసెకన్లలో గీసుకుంటూ పోయే సన్నని గీత ఇంకొకటి ఉంటుంది. చానామంది దాన్ని తెరిచి కూడా చూడరు. మొదటి సెమిస్టర్ అనాటమీ, ఫిజియాలజీ పేపరులో గుండె చాప్టరు నాకు తలకెక్కింది ఆ గీత పుణ్యాన. బ్లూటూత్, బరువు, నీళ్ళలో తడిస్తే ఏమవుతుందన్న వివరాలు డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను.

నాది ఇంటర్ సీఈసీ, డిగ్రీ బీకాం. బీపీఈడీ ప్రవేశానికి పెట్టే పీఈసెట్‌లో రాతపరీక్ష ఉండదు, పరుగు, దూకడం, షాట్‌పుట్, ఆటలో నైపుణ్యం చూసి సీటిస్తారు. ఖోఖో బలంతో సీటు తెచ్చుకున్నాను. క్లాసులో కూర్చున్న మొదటి వారమే ఎస్.ఏ. నోడ్, వేగస్ నరం, స్ట్రోక్ వాల్యూమ్ అని బోర్డు మీద పడ్డాయి. పదో తరగతి తర్వాత బయాలజీ ముట్టుకోని నాలాంటి వాళ్ళు క్లాసులో సగం మందికి పైనే. అందరం బట్టీ పట్టడమే. ఆ టైములో, చదువు అయిపోయి ఊరికి పోతున్న సీనియర్ అక్క ఒకామె ఈ పట్టీని సగం ధరకు నాకిచ్చింది.

హాస్టల్లో ఒక రాత్రి పడుకుని పట్టీ కట్టుకుని ఆ గీతను చూస్తూ ఉన్నాను. గీత తిన్నగా పోవడం లేదు, పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. కాసేపు చూసేసరికి తెలిసింది, అది నా ఊపిరితో పాటు కదులుతోందని. గాలి పీల్చినప్పుడు ఎడం తగ్గుతోంది, అంటే గుండె కాస్త తొందరగా కొట్టుకుంటోంది. వదిలినప్పుడు ఎడం పెరుగుతోంది. నిదానంగా పీల్చి ఇంకా నిదానంగా వదిలితే గీత ఎత్తుపల్లాలు ఇంకా పెద్దవయ్యాయి. పక్క మంచం మీది అమ్మాయిని లేపి చూపించాను. ఆ రాత్రి మా గదిలో అందరూ వంతులేసుకుని కట్టుకున్నారు.

దీని వెనకున్నది మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరమే. గుండెలో ప్రతి బీట్‌నూ మొదలుపెట్టే ఎస్.ఏ. నోడ్‌ను దాని మానాన వదిలేస్తే నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. విశ్రాంతిలో మనకు 70 దగ్గర ఉంటోందంటే, గిత్తను పగ్గం పట్టి ఆపినట్టు వేగస్ దాన్ని వెనక్కి లాగి పట్టుకుని ఉందన్నమాట. గాలి పీల్చేటప్పుడు ఆ పట్టు కొంచెం సడలుతుంది. వదిలేటప్పుడు మళ్ళీ బిగుస్తుంది. లేచి పరుగెత్తడం మొదలుపెడితే గుండె వేగంలో మొదటి పెరుగుదల ఎక్కువగా ఈ పట్టు వదలడం వల్లే వస్తుంది, గుండెను తొందరపెట్టే సింపథెటిక్ నరాల జోరు ఆ తర్వాతిది. పరుగు ముదిరేకొద్దీ గీతలో ఎత్తుపల్లాలు మాయమై దాదాపు చదునైపోతుంది. దీన్ని కళ్ళతో చూశాక పరీక్షలో నాలుగు పేజీలు రాయడానికి నాకు బట్టీ అవసరం పడలేదు.

ఇంకొకటీ చెప్పాలి. 400 మీటర్ల పరుగుకు స్టార్టింగ్ లైను దగ్గర నిలబడినప్పుడు, అడుగు కూడా కదపకముందే, విజిల్ కోసం చూస్తున్నప్పుడే నా హార్ట్ రేట్ 120 దాటింది. కండరం ఇంకా ఏ పనీ చేయలేదు, ఆక్సిజన్ అడగలేదు. పరుగు వస్తోందని మెదడే ముందుగా గుండెకు కబురు పంపింది. పుస్తకంలో ఇది ఒక్క లైనులో ఉంటుంది. రేపు పీఈటీగా ఏ ఊరి బడిలోనో పిల్లల్ని లైనులో నిలబెట్టినప్పుడు వాళ్ళ ఛాతీలో ఏం జరుగుతోందో నాకు తెలుసన్న ధైర్యం ఆ రోజు వచ్చింది.

ఇక పట్టీ మొరాయించిన సంగతి. మార్చి నెల, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో సాయంత్రం నాలుగు గంటలకు ఖోఖో ప్రాక్టీసు. ఎండ ఇంకా తగ్గలేదు, దుమ్ము లేపుతూ పొడిగాలి. కొత్తగా ఇచ్చిన పాలిస్టర్ జెర్సీ వేసుకుని వార్మప్‌కు మెల్లగా పరుగెత్తుతున్నాను. ఫోను పట్టుకుని గట్టు మీద కూర్చున్న నా ఫ్రెండు ఉన్నట్టుండి కేకేసింది: "ఏమ్మే, నిలబడు! 221 చూపిస్తాంది నీది!" ఆగాను. అంకె 90కి పడింది, మళ్ళీ 214కు ఎగిరింది. నాకేమో ఆయాసం లేదు, మాట తడబడడం లేదు. సార్ పరుగున వచ్చి వేపచెట్టు కింద కూర్చోబెట్టి మణికట్టు పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టాడు. 29 వచ్చింది. నాలుగుతో గుణిస్తే 116. ఆ నిమిషంలో కూడా ఫోనులో 200 పైనే ఉంది.

ఎవరో అప్పుడే ఇంటికి ఫోను చేసేశారు. "ఆ పట్టీ ఇడ్సి పారేయ్ పాపా, పొద్దున్నే గుండె డాక్టరుకు చూపిచ్చుకో" అని అమ్మ ఏడుపు. పొద్దున పోయి ఈసీజీ తీయించాను, అంతా మామూలుగానే ఉంది. అక్కడ జెల్ పూస్తున్న టెక్నీషియనమ్మను ఇదంతా ఎందుకని అడిగితే, "చర్మం ఎండిపోయుంటే గీత సరిగ్గా రాదు పాపా" అంది. పట్టీ సంగతి నాకు అక్కడే విడిపోయింది.

పట్టీ కూడా ఈసీజీలాగే గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే విద్యుత్తునే పట్టుకుంటుంది. ఆ విద్యుత్తు చర్మం మీదికి వచ్చేసరికి ఒక మిల్లీవోల్టు అంత సన్నగా ఉంటుంది. శరీరం లోపల సోడియం, పొటాషియం అయాన్లు కలిసిన నీరుంది కాబట్టి అక్కడిదాకా సాఫీగా వస్తుంది. చర్మం పైపొర మాత్రం ఎండితే దాన్ని అడ్డుకుంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే జిల్లా మాది, మార్చి గాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. దానికి తోడు పాలిస్టర్ జెర్సీ గాలికి కొట్టుకుంటూ పుట్టించే స్టాటిక్ కరెంటు. ఆ గోలలో లేని బీట్లను కూడా పట్టీ లెక్కేసింది. ఈసీజీకి ఆద్యుడైన ఐంథోవెన్ తన మొదటి యంత్రానికి మనుషుల చేతుల్ని, కాలిని ఉప్పునీళ్ళ పాత్రల్లో పెట్టించి గీత తీశాడు. 1924లో నోబెల్ బహుమతి వచ్చింది ఆయనకే. ఆ ఫోటో మా లైబ్రరీ పుస్తకంలో ఎన్నోసార్లు చూశాను, నీళ్ళెందుకో ఎన్నడూ అడగలేదు ఎవరూ, చెప్పలేదు ఎవరూ.

అప్పటినుంచి కట్టుకునే ముందు పట్టీలో చర్మానికి ఆనే ఎలక్ట్రోడ్లను నీళ్ళతో బాగా తడుపుతాను, జెర్సీ ముందుభాగం కూడా కాస్త తడుపుతాను, లోపల కాటన్ వేసుకుంటాను. ఎండాకాలం అవుతున్నకొద్దీ ఉప్పు పేరుకోకుండా పట్టీని రోజూ కడిగి నీడలో ఆరేస్తాను. ఇవన్నీ చేశాక తేడాలు చాలావరకు తగ్గాయి. నిజమైన పెరుగుదలకూ దొంగ అంకెకూ తేడా కూడా తెలిసొచ్చింది. నిజంది కొన్ని సెకన్లు తీసుకుని ఎక్కుతుంది, దొంగది ఒక్క బీట్‌లో 100 నుంచి 220కి పోతుంది. ఒక రిలేలో 204 చూశాను, అది మెల్లగా ఎక్కి మెల్లగా దిగిన అంకె. 220లోంచి వయసు తీసేస్తే నాకు 199 రావాలి. ఆ సూత్రం చెప్పేది సగటు, మనిషి మనిషికీ పది పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉండడం మామూలే. దాన్ని పట్టుకుని పిల్లల్ని "నీకింతే" అని ఆపేసే కోచ్‌లంటే నాకు కోపం.

ఏప్రిల్లో పట్టీ నాకు నేర్పింది ఇంకొకటుంది. ఒకే వేగంతో రౌండ్లు కొడుతుంటే హార్ట్ రేట్ 150 దగ్గర మొదలై, వేగం పెంచకపోయినా 165 దాకా పాకింది. వేడికి రక్తం చర్మం వైపు పోతుంది, చెమటతో ప్లాస్మా, అంటే రక్తంలోని నీటిభాగం, తగ్గుతుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం తక్కువవుతుంది. ఒక్కో బీట్‌కు తోసే రక్తం (స్ట్రోక్ వాల్యూమ్) తగ్గితే, నిమిషానికి తోసే మొత్తం రక్తాన్ని, అంటే కార్డియాక్ అవుట్‌పుట్‌ను, అలాగే నిలపడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోక తప్పదు. హార్ట్ రేట్‌ను స్ట్రోక్ వాల్యూమ్‌తో గుణించే ఆ సూత్రానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ ఇదే. ఎండలో వెనకబడిన పిల్లను సోమరిదని తిట్టే ముందు నీళ్ళు తాపించి నీడకు పంపాలని నేను గట్టిగా అంటాను.

మొదట్లో నేను జూనియర్లకు దీన్ని రోజంతా కట్టుకోమని, వేలితో నాడి పట్టడం ఎందుకని చెప్పేదాన్ని. ఇప్పుడు నాడి పట్టడం ఎందుకన్న మాట అనను. బెంచీ ఎక్కి దిగుతూ గుండె దమ్ము చూసే హార్వర్డ్ స్టెప్ టెస్ట్ ప్రాక్టికల్లో బెంచీ దిగాక నిమిషం నుంచి నిమిషంన్నర దాకా, ఆపైన రెండుసార్లు అదే తీరున, అరనిమిషం చొప్పున వేలితోనే లెక్కపెట్టాలి, మా దగ్గర పట్టీ ఒప్పుకోరు. 15 సెకన్ల లెక్కలో ఒక్క బీట్ పోతే నిమిషానికి నాలుగు తేడా, అందుకే చేతికి అలవాటు ఉండి తీరాలి. పట్టీని నేను వేలి లెక్కను సరిచూసుకోవడానికి వాడుతున్నాను. ఆ వేపచెట్టు కింద నన్ను కాపాడింది సార్ వేలే కదా. రోజంతా కట్టుకోవడం కూడా మానేశాను, మే నెలలో ఛాతీ కింద చర్మం ఒరుసుకుని దద్దురు లేచింది. లావుపాటి స్పోర్ట్స్ బ్రా కింద అయితే ఇంకా ఇబ్బంది.

కొనాలా అంటే, నాలాగా సైన్స్ లేకుండా బీపీఈడీకి వచ్చి, గుండె చాప్టరు అర్థం కాక బాధపడుతున్నవాళ్ళకు పనికొస్తుంది, అదీ పాతది దొరికితేనో, నలుగురు గదిలో కలిసి కొంటేనో. పీఈసెట్‌కు తయారవుతున్నవాళ్ళు ఆ డబ్బు మంచి బూట్లకు పెట్టుకోవచ్చు. గుండె దడ, కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళు దీని అంకెలు నమ్ముకోకుండా డాక్టరు దగ్గరికే పోవాలి. కొనేవాళ్ళు మటుకు రెండు చూసుకోండి: బీట్ల మధ్య ఎడాన్ని చూపించే గీత యాప్‌లో ఉందా లేదా, పట్టీ ఒక్కటే విడిగా దొరుకుతుందా లేదా. నాది ఎలాస్టిక్ సాగిపోయింది, టైలరు దగ్గర వెనకవైపు మడిచి కుట్టించి వాడుతున్నాను. సెల్లు మాత్రం ఇబ్బంది లేదు, సీఆర్ 2032 బిళ్ళ ఏ వాచీ షాపులో అయినా ఇస్తారు.