స్కూళ్ళకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు జాగ్రత్త: ఆర్డర్ చేతికి రాకుండా ఫైళ్ళు పంపకండి

విజయవాడ, గుంటూరు స్కూళ్ళలో టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చే మిత్రులకు, ముఖ్యంగా ఈ మధ్యే ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టినవాళ్ళకు ఈ మాట చెప్పాలి.

విజయవాడలో ఒక సీబీఎస్‌ఈ స్కూలు. జూన్‌లో బడి తెరిచేలోపు టీచర్లకు వర్క్‌షాప్ పెట్టాలి, హైస్కూలు తరగతులకు లెసన్ ప్లాన్లు రాసివ్వాలి అన్నారు. మాటలన్నీ వాట్సాప్‌లోనే. రాతపూర్వకంగా ఆర్డర్ అడిగితే "మన మధ్య కాగితాలెందుకండీ" అన్నారు. టీచర్లు మాత్రం ఎంతో శ్రద్ధగా విన్నారు, వాళ్ళ మీద నాకే ఫిర్యాదూ లేదు.

బిల్లు పెట్టిన దగ్గర్నుంచి మొదలైంది. "చైర్మన్ గారు ఊళ్ళో లేరు." "ఫస్ట్ టర్మ్ ఫీజులు వసూలవనివ్వండి." "దసరా సెలవులయ్యాక చూద్దాం." ఈలోపు ప్రిన్సిపాల్ మారిపోయారు. కొత్తావిడ "పాత మేడమ్ ఏం ఒప్పుకున్నారో మాకు తెలీదండీ" అనేశారు. చివరికి సగం డబ్బు వేసి, అందులో 10 శాతం టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్ళే ముందుగా మినహాయించి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకున్నామన్నారు. మన పేరు మీద జమైన పన్ను చూపించే 26ఏఎస్ తెరిచి చూస్తే ఆ పట్టుకున్నది నా పాన్ మీద జమే కాలేదు. ఇవన్నీ ఒక ఎత్తు. నేను రాత్రుళ్ళు కూర్చుని రాసిన లెసన్ ప్లాన్లు వాళ్ళ ఇంకో బ్రాంచిలో వాళ్ళ లోగోతో కనిపించడం ఇంకో ఎత్తు. అది చూసి చాలా బాధపడ్డాను.

సీబీఎస్‌ఈ టీచర్లకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలి. మన అటెండెన్స్ షీట్లు, ఫోటోలు వాళ్ళకు ఆ లెక్కలో పనికొస్తాయి. అవి చేతికందాక ఫోనెత్తే అవసరం వాళ్ళకు ఉండదు. సంతకాలున్న షీటు కాపీ మీ దగ్గరా ఉంచుకోండి. రేపు పని చేశామని చూపించడానికి అదే ఆధారం.

లెటర్‌హెడ్ మీద, యాజమాన్యం సంతకంతో ఆర్డర్ తీసుకోండి. ప్రిన్సిపాల్ నోటిమాట చాలదు. సగం అడ్వాన్సు రానిదే తేదీ ఇవ్వకండి. మార్చుకోవడానికి వీలైన ఫైళ్ళు డబ్బు మొత్తం పడ్డాకే పంపండి.

ఇంకోటి, పని ఒప్పుకోకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకోండి. ప్రభుత్వ సైట్‌లో పైసా ఖర్చు లేదు, ఏజెంట్లకు ఇవ్వకండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బివ్వాలి, గడువేదీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ షరతు బిల్లు కిందే అచ్చు వేయించండి.

జూన్ వర్క్‌షాప్‌ల కోసం ఏప్రిల్ నుంచే ఫోన్లు మొదలవుతాయి. ఆర్డర్ నమూనా కావాలంటే అడగండి, నేను వాడేది పంపిస్తాను.